నేను తినేసిన స్ప్రింగులు

నా బరువు డెబ్బై ఆరు కిలోలు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఆయన రాఘవ్ పుణ్యమా అని ఆదోని పత్తి యార్డులో కాటా వేసేవాళ్ల దగ్గర్నుంచి ఎమ్మిగనూరులో మా పుట్టింటి వీధి చివర ఇస్త్రీ పెట్టే మనిషి దాకా నా బరువు మీద తలా ఒక అంచనా ఉంది. ఎవరి అంచనా కూడా డెబ్బై ఆరు దగ్గర ఆగదు.

ఐదు నెలల కిందట మా అన్న పుల్లయ్య మనవడిని తొట్టెలో వేసే వేడుకకు కారులో ఎమ్మిగనూరు వెళ్లాం. ఆయన నడిపాడు. ఆయన పక్కన మా అత్త సులోచనమ్మ కూర్చుంది. వెనక నేను. ముందు సీటు మా అత్తది. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఆ సీటు మీద నాకు ఏ హక్కూ పుట్టలేదు, నేనూ అడగలేదు. మా అన్న ఇంటి ముందు స్పీడు బ్రేకరు ఎక్కేటప్పుడు కారు అడుగు గరగరమని రాసుకుంది. అప్పటికే షామియానా కింద బంధువులంతా ఉన్నారు. అందరూ తిరిగి చూశారు.

"ఏం బావా, వెనకంతా కూచుండిపోయింది నీ కారు?" అన్నాడు మా అన్న.

"ఏం జేస్తాం బావా. స్ప్రింగులన్నీ మీ సెల్లెలు తినేసింది," అన్నాడు ఈయన.

అంతే. షామియానా ఊడిపోయేలా నవ్వారు. మా అన్న కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. లోపలికి వెళితే మా వదిన ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఇంకో ప్లాస్టిక్ కుర్చీ దూర్చి, రెండూ కలిపి నా ముందు వేసింది. "ఒకటైతే ఆగుతాదో లేదో వదినా," అంది, ఎంతో ప్రేమగా. హాల్లో మిగిలిన అందరివీ ఒంటి కుర్చీలే. నేను ఆ జంట కుర్చీలో కూర్చున్నాను. కూర్చుని నవ్వాను కూడా. పదిమందిలో పుట్టింటివాళ్ల ముందు అంతకన్నా ఏం చేస్తారు?

ఆ సాయంత్రం కారెక్కలేదు. బస్టాండుకు నడిచి వెళ్లి ఆదోని బస్సెక్కాను. ఇంటికి వచ్చాక ఈయనకు ఒకే మాట చెప్పాను. "అదే ఇంట్లో, అదే జనం ముందర, నేనేం తినలేదని మీ నోటితో సెప్పండి. ఆ పొద్దు ఎక్కుతా మీ కారు. అంతవరకు నాకు బస్సుండాది."

"తమాషాకు అన్నదానికి ఇంత రాద్ధాంతమా," అన్నాడు. నవ్వే మనిషికి అది ఎప్పుడూ తమాషాగానే ఉంటుంది. ఈ ఐదు నెలల్లో ఎమ్మిగనూరుకు నాలుగుసార్లు వెళ్లాను. రెండుసార్లు దారిపొడుగునా నిలబడే వెళ్లాను.

ఇప్పుడు ఆ మనవడికి అన్నప్రాసన వచ్చింది. సోమవారం పొద్దున. మళ్లీ అదే ఇల్లు, అదే జనం. ఈయనకు కంగారు పట్టుకుంది. భార్య బస్సులో దిగి, మొగుడు కారులో దిగితే బంధువులు ఏమనుకుంటారోనని. ఒక్క మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. మా ఆయన దానికి బదులు కారు వెనక స్ప్రింగులు రెండూ మార్చడం సులువనుకున్నాడు, కారు పైకి లేస్తే నేనే ఎక్కేస్తానని. అదీ తన చేతులతో, ఇంటి ముందర బండల మీద. మెకానిక్ దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటే, దానికి కారణం ఆయన వేళ్లు.

ఆ వేళ్ల గురించి చెప్పాలి. మాది పత్తి కమీషన్ వ్యాపారం. ఈయన చిటికెడు దూది తీసుకుని, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి, మెల్లగా లాగి, పింజ పొడవు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పేస్తాడు. మిషను ఇంకో అంకె చెబితే మిషను తప్పు. చాలాసార్లు ఈయన మాటే నిజమవుతుంది, కాదనను. కష్టం ఎక్కడ వచ్చిందంటే, ఆ వేళ్లకు దూది ఒక్కటే కాదు, లోకంలో ఉన్న వస్తువులన్నీ తెలుసని నమ్మకం. పుచ్చకాయ కొట్టి చెబుతాడు, గోడ తట్టి చెబుతాడు, డాక్టరు కంటే ముందు నా నాడి పట్టి చెబుతాడు. అట్లాగే ఒకరోజు కారు డిక్కీ మీద అరచేయి పెట్టి రెండుసార్లు నొక్కి, కళ్లు మూసుకుని, "స్ప్రింగు సచ్చిపోయింది," అని చెప్పేశాడు. ఎవరు చంపారో వేరే చెప్పనక్కర్లేదు కదా, అది ముందే తేలిపోయింది.

స్ప్రింగులు పెట్టెలో వచ్చాయి. ఆదివారం పొద్దున ఏడింటికి ఈయన పాత లుంగీ కట్టుకుని, ఫోను కిటికీలో నిలబెట్టి, వీడియో పెట్టాడు. వీడియోలో మనిషి ఏదో చలిదేశంవాడు. వాడి షెడ్డు మా ఇంటికన్నా పెద్దది. వాడు పదకొండు నిమిషాల్లో పని ముగించి చేతులు తుడుచుకున్నాడు. "సూసినావా రాజీ, పదకొండు నిమిషాలు," అన్నాడు ఈయన నాతో. నేను టిఫినుకు పిండి కలుపుతూ, మధ్యాహ్నానికి కూడా ఇక్కడే వడ్డించాల్సి వస్తుందేమోనని బియ్యం ఎక్కువ పోసుకున్నాను.

రెండో జాకీ, స్టాండ్లు కావాలి కాబట్టి మెకానిక్ హనుమన్నకు ఫోను చేశాడు. హనుమన్న వాటిని ఆటోలో వేసుకుని తనే వచ్చాడు.

"వస్తువులు పంపిస్తే సాలు గదా హనుమన్నా, నువ్వెందుకు?"

"కారు కింద మీరు దూరతాంటే నేను అంగట్లో యాడ కూచుంటా సేట్? నాకు ప్రాణం కుదురుండదు. ఈడ కూచుంటా."

"కూచో. సెయ్యి మాత్రం పెట్టగూడదు."

"పెట్టనులే సేట్."

పాపం హనుమన్న మాట మీద నిలబడే మనిషి. అరుగు మీద కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని, రెండో చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. మొదట ఒక్కటే అడిగాడు. "సేట్, డిక్కీ కాళీ సేసినారా?"

"డిక్కీలో ఏముంటాది, దూది శాంపిళ్లు. స్టెపినీ గూడా లేదు, మూడేండ్లయింది పంచరు అంగట్లో పడి."

దూదికి బరువేముంటుంది. హనుమన్న ఇంకేం అడగలేదు.

ఈయన ముందు కారు ఎత్తాడు. ఎత్తి, చక్రం నట్లకు పానా తగిలించి తిప్పాడు. నట్టు రాలేదు, చక్రమే తిరిగింది. పానా పట్టుకుని ఈయన కూడా సగం తిరిగాడు. నట్లు కొంచెం వదులు చేశాక కారు ఎత్తాలని వీడియోలో వాడు చెప్పే ఉంటాడు, ఆ సమయానికి ఈయన నాకు పదకొండు నిమిషాల సంగతి వివరిస్తున్నాడు. మళ్లీ దించి, నట్లు వదులు చేసి, మళ్లీ ఎత్తాడు. హనుమన్న తొడ కింద ఉన్న చేతిని ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు.

చక్రం ఊడింది. స్టాండ్ల మీద కారు నిలబడింది. ఇరుసు కింద రెండో జాకీ పెట్టాడు. ఇక షాకబ్జార్బరు అడుగు బోల్టు విప్పితే ఇరుసు కిందికి దిగుతుంది, స్ప్రింగు చేతికి వస్తుంది. ఆ బోల్టు తుప్పు పట్టి కూర్చుంది. పానా మీద చెయ్యి వేశాడు, తర్వాత కాలు వేశాడు, తర్వాత ఎక్కి నిలబడ్డాడు. "నూనె తేవే," అన్నాడు. తెచ్చాను. అది దీపాల నూనె అని మా అత్త లోపల్నుంచి అరిచేలోపు సగం సీసా బోల్టు మీదికి పోయింది. గంట సేపటికి బోల్టు కదిలింది. అప్పటికి ఎండ మోకాళ్ల దాకా వచ్చింది.

జాకీ దించేసరికి స్ప్రింగు టంగుమని బయటికి దూకి, దొర్లుకుంటూ వెళ్లి హనుమన్న కాళ్ల దగ్గర ఆగింది. ఈయన మొహం వెలిగిపోయింది. కొత్త స్ప్రింగు పెట్టెలోంచి తీసి, పాతదాని పక్కన అరుగు మీద నిలబెట్టాడు. నన్ను పిలిచాడు. ఎవరు ఎంత తిన్నారో కళ్లారా చూడాలి కదా, అందుకు.

చూశాను. పాతది తుప్పు రంగు, కొత్తది నల్లగా మెరుస్తోంది. అంతకు మించి తేడా లేదు. హనుమన్న తొడ కింద నుంచి చేయి తీసి, రెండింటి మీదా అడ్డంగా పానా పెట్టాడు. పానా ఎటూ వాలలేదు.

"రెండూ ఒకే ఎత్తుండాయి సేట్," అన్నాడు మెల్లగా.

ఈయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అది బయటికి వస్తానే సాగుతాది హనుమన్నా. ఐదు నెల్ల నుంచి మా ఇంటామె ఎక్కలేదు గదా, కోలుకున్యాది."

నాకు ఒళ్లు మండింది. "నేను ఎక్కకపోతే కోలుకుంటే, కారు ఇంకా ఎందుకు కూచోనుండాది?"

"ఒకసారి నలిగింది నలిగినట్లే ఉంటాది."

"నలిగింది నలిగినట్లే ఉంటే కోలుకుందెట్ల?"

"నీకు మెకానికల్ తెల్దులే, పొయ్యి మజ్జిగ తే," అన్నాడు. మజ్జిగ తెచ్చాను. ఆయనకు ఇవ్వలేదు, హనుమన్నకు ఇచ్చాను.

మొదటి స్ప్రింగుకు నాలుగు గంటలు పట్టింది. రెండోదానికి ముప్పావు గంట. మనిషి నేర్చుకుంటాడు, ఆ మాట ఒప్పుకుంటాను. రబ్బరు వాషర్లు సరిగ్గా కూర్చోబెట్టాడు, బోల్టులు బిగించాడు, చక్రాలు ఎక్కించాడు, స్టాండ్లు తీసి కారును కిందికి దించాడు. పొద్దున పని మొదలుపెట్టే ముందు, నేల నుంచి చక్రం పైనున్న రేకు దాకా దర్జీ టేపుతో కొలిచి, గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టుకున్నాడు. ఇప్పుడు మళ్లీ కొలిచాడు. మళ్లీ కొలిచాడు. టేపు తిరగేసి కూడా కొలిచాడు. గీత ఎక్కడుందో కారు అక్కడే ఉంది.

నేను అరుగు మీద నిలబడి ఉన్నాను. నేను కారులో లేను. ఆ మాట గట్టిగా అనాలనిపించింది గానీ, ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

"సేట్, డిక్కీ తెరవండి ఒకసారి," అన్నాడు హనుమన్న.

ఈయన తెరిచాడు. దూది శాంపిళ్ల సంచులు, ఖాళీ గోనెలు, విరిగిన గొడుగు. హనుమన్న అవన్నీ కింద పెట్టి, అడుగున పరిచిన పట్టా ఎత్తాడు. స్టెపినీ ఉండాల్సిన గుంతలో గోనెగుడ్డ చుట్టిన మూటలున్నాయి. ఒక మూట విప్పాడు. ఇనుప తూకం రాయి. ఇరవై కిలోలది. నెత్తిన ఎండిపోయిన పసుపు, కుంకుమ, నలిగిన బంతిపూల పొడి. అలాంటివి ఐదు.

హనుమన్న వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "నూరు కిలోలు సేట్," అని, పోయి మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు.

నూరు కిలోలు. నాకన్నా ఇరవై నాలుగు కిలోలు ఎక్కువ. నేను బస్సులో ఉన్నా, ఇంట్లో నిద్రపోతున్నా, అవి ఆ కారులోనే తిరుగుతున్నాయి.

ఈయన అక్కడే బండల మీద కూర్చుండిపోయాడు. గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట అంగట్లోకి కంప్యూటర్ కాటా వచ్చాక, మా మామగారి నాటి రాళ్లకు దసరాకు ఆఖరి పూజ చేశారు. పూజ చేసిన వాటిని పాత ఇనుముకు వేయకూడదు, ఊరికే మూలన పడేయకూడదు. మంత్రాలయం పోయినప్పుడు మాధవరం దగ్గర తుంగభద్రలో వదులుదామని డిక్కీలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మంత్రాలయం ఆరుసార్లు పోయి వచ్చాం. ఆరుసార్లూ రాళ్లు కూడా మాతోపాటు దర్శనానికి వచ్చి, మాతోపాటే తిరిగి వచ్చాయి. దూది లాగి మిల్లీమీటరు చెప్పే మనిషి నూరు కిలోలు మరిచిపోయాడు.

"యామారినాను," అన్నాడు. "శుద్ధంగా యామారినాను."

"నేను యామారలేదప్పా," అంది మా అత్త.

గడపలో నిలబడి ఉంది. ఖాళీ అయిన దీపాల నూనె సీసా చేతిలో ఉంది. అందరం అటు తిరిగాం.

"నాకు తెల్సు అవి ఆడుండాయని. ఏటి కాడికి పొయినప్పుడంతా నీకు గుర్తుకొస్తాదేమో అని నాకు దడ. రాకపోయేకొద్దీ, సరేలే అనుకుంటి. మీ నాయన నలభై ఏండ్లు ఆ రాళ్లు ఎత్తి దించినాడు. ఆయన సేతి పట్టు దగ్గర ఇనుము ఎట్ల నున్నగైందో సూడు. వాటిని నీళ్లలో ఏసేకి నాకు మనసు రాలేదు."

"అత్తా, మరి ఆ పొద్దు తొట్టెల కాడ అందరూ నన్ను అంటాంటే మీరు ఆడనే ఉంటిరి గదా. ఐదు నెల్లుగా బస్సులో నిలబడి పోతాండా గదా. ఒక్క మాట అనొచ్చు గదా."

ఆమె ఖాళీ సీసాకు మూత బిగించింది. "నేను సెప్తే రాళ్లు తీసేస్తాడని భయపడితి. నువ్వు గూడా నవ్వుతాంటివి గదమ్మా. నీకేం కాలేదనుకుంటి."

నవ్వాను, నిజమే. ఏడవడం చేతకాక నవ్వాను. అక్కడే అరుగు మీద కూర్చుని, హనుమన్న ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చాను. హనుమన్న మర్యాదస్తుడు, తలుపుల్లేని గోడ వైపు తిరిగి దాన్నే చాలాసేపు చూశాడు. మా అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె మీద కోపం పూర్తిగా రాలేదు, పూర్తిగా పోలేదు కూడా.

కాసేపటికి లేచి మొహం కడుక్కుని వచ్చాను. "రాళ్లు ఏట్లో ఎయ్యొద్దు," అన్నాను. "దేవునింట్లో మూలకు పెట్టుకోండి అత్తా. కారులో మాత్రం వద్దు."

ఈయన ఒక్కొక్క రాయీ మోసి లోపల పెట్టాడు. నాలుగు పెట్టాక ఐదోది ఎత్తబోతుంటే ఆపాను.

"ఇది కారులోనే ఉండనీండి. రేపు ఎమ్మిగనూరుకు తెచ్చుకోండి."

"ఎందుకే?"

"ఎందుకో మీకు తెల్సు."

తెలుసు. చెమట తుడుచుకుని, హనుమన్న వినకుండా గొంతు తగ్గించి, "మళ్లెప్పుడన్నా సెప్తాలే రాజీ, శుభకార్యంలో ఎందుకు," అన్నాడు. ఆ పొద్దు తొట్టెలు కూడా శుభకార్యమే. ఆ సంగతి ఆయనకు నేను గుర్తు చేశాను.

సోమవారం పొద్దున నేను బస్సులోనే వెళ్లాను. మాట మాటే కదా. ఈసారి సీటు దొరికింది. నేను చేరిన అరగంటకు మా కారు వచ్చింది. స్పీడు బ్రేకరు చప్పుడు లేకుండా ఎక్కి దిగింది. కొత్త స్ప్రింగులు, ఖాళీ డిక్కీ, వెనక భాగం పైకి లేచి ఉంది. ముందు సీటు ఖాళీగా ఉంది. మా అత్త వెనక నుంచి దిగింది. ఆమె వెనక కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఓహో, ఏం బావా," అన్నాడు మా అన్న, చేతులు చాచి. "స్ప్రింగులు మార్పిచ్చినావా? మంచిపని సేసినావు, మా సెల్లెల్ని బస్సుకు పంపిచ్చి గూడా మంచిపని సేసినావు."

మళ్లీ అదే నవ్వు. నేను హాల్లో గుమ్మం పక్కన నిలబడి విన్నాను. అప్పటికే మా వదిన ఎక్కడ్నుంచో రెండు కుర్చీలు తెచ్చి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, నా వెనక వేస్తోంది. ఈసారి నేను నవ్వలేదు, కూర్చోలేదు కూడా. మా ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆయన అందరి నవ్వులోనూ కొంచెం నవ్వాడు. అలవాటు. అప్పుడు నన్ను చూశాడు. నవ్వు ఆపి, వెనక్కి వెళ్లి, కారు వెనక తలుపు తీసి, సీటు మీద నుంచి రాయి ఎత్తుకున్నాడు. పట్టు పంచె, ఇస్త్రీ చొక్కా, చేతుల్లో ఇరవై కిలోల ఇనుము. చొక్కా మీద కుంకుమ అంటుకుంది. జనం ఏదో కానుక అనుకుని దారి ఇచ్చారు. హాలు మధ్య దాకా వచ్చాక చేతులు లాగుతున్నట్టున్నాయి, ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూశాడు.

"ఏంది బావా ఇది?" అన్నాడు మా అన్న.

"మా నాయన తూకం రాయి. ఇరవై కిలోలు. ఇట్లాంటివి ఐదు మూడేండ్లు డిక్కీలో పెట్టుకుని మరిచిపోతి." జారుతున్న రాయిని పైకి సర్దుకున్నాడు. "స్ప్రింగులకు ఏం కాలేదు బావా. నిన్న నేనే ఇప్పి సూసినా. ఆ పొద్దు ఈడ అందరి ముందర నేనన్న మాట అబద్ధం. రాజీ తప్పు ఏమీ లేదు. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. లోపల పసివాడు గిన్నె మీద చెంచా కొడుతున్న చప్పుడు వినిపించింది. మా వదిన చేతులు ఇంకా ఆ జంట కుర్చీల మీదే ఉన్నాయి.

ఈయన అటు నడిచాడు. రాయిని ఒక చేత్తో కడుపుకు ఆనించుకుని, ఇంకో చేత్తో పై కుర్చీని లాగాడు. అది వెంటనే ఊడలేదు. మా వదిన తనే కింది కుర్చీ పట్టుకుని సాయం చేసింది. ఊడిన కుర్చీని పక్కన వేసి, రాయిని దాంట్లో కూర్చోబెట్టాడు.

మిగిలిన కుర్చీలో నేను కూర్చున్నాను. దానికేమీ కాలేదు.